తాగుడు మానాలి, సరైన థెరపిస్టును ఎలా వెతుక్కోవాలి?

మెట్లదారి (రాత్రి 11:52)

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. వయసు 36. తొమ్మిదేళ్లుగా తాగుతున్నాను. గత మూడేళ్లుగా రోజూ. ఉద్యోగం పోలేదు, ఇల్లు గడుస్తోంది, అందుకే బయటివాళ్లకు తెలియదు. మూడుసార్లు మానాను. ఒకసారి ఐదు నెలలు కూడా ఉండగలిగాను. ఆ తర్వాత మళ్లీ మొదలైంది.

కిందటేడు ఒక కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాను. రెండోసారి వెళ్లినప్పుడు, ముందు రోజు తాగానని నిజం చెప్పాను. "మీకు మానాలనే ఉద్దేశమే లేదు, నా టైమ్ ఎందుకు పాడు చేస్తారు" అన్నారు. ఇంటికి వెళ్లేదారిలోనే తాగాను. ఆ తర్వాత ఎవరి దగ్గరికీ వెళ్లలేదు.

ఇప్పుడు మళ్లీ ప్రయత్నించాలనుంది. సైకియాట్రిస్టా, సైకాలజిస్టా, కౌన్సిలరా, ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియడం లేదు. మంచివాళ్లని ఎలా గుర్తుపట్టాలి? ముందు ఒక వారం పూర్తిగా ఆపేసి, కాస్త మొహం తేటపడ్డాక వెళ్దామనుకుంటున్నాను. రేపటి నుంచే.

డ్యూటీనర్సు (రాత్రి 12:08)

మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఆ "రేపటి నుంచే వారం ఆపేసి" అన్నచోట ఆగిపోయాను. పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా? ఒక చుక్క పడితే ఆ వణుకు తగ్గుతుందా? ఇంతకుముందు మానినప్పుడు మొదటి నాలుగు రోజులు ఎలా గడిచాయి?

మెట్లదారి (రాత్రి 12:15)

వణుకుతాయి. తాగితే తగ్గుతుంది. రెండోసారి మానినప్పుడు మూడో రోజు రాత్రి గదిలో ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించారు. నిద్ర లేక అలా అయిందనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

డ్యూటీనర్సు (రాత్రి 12:31)

చెప్పినందుకు చాలా సంతోషం. అది నిద్రలేమి కాకపోవచ్చు. దయచేసి రేపు ఇంట్లో ఒంటరిగా ఆపేయకండి.

ఎందుకో చెప్తాను. మద్యం మెదడును మందగింపజేస్తుంది. రోజూ పడుతుంటే మెదడు దానికి ఎదురునిలిచి తన వేగాన్ని పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మద్యం తీసేస్తే ఆ పెరిగిన వేగం ఒక్కటే మిగులుతుంది. వణుకు, చెమటలు, గుండెదడ, వాంతులు సాధారణంగా 6 నుంచి 24 గంటల్లో మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. కొద్దిమందిలో 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ అనే స్థితి వస్తుంది. ఎక్కడున్నారో తెలియదు, లేని మనుషులు కనిపిస్తారు, జ్వరం, బీపీ పెరుగుతాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. పైగా మానడం, మళ్లీ మొదలుపెట్టడం చాలాసార్లు జరిగిన వాళ్లలో ఈ లక్షణాలు ప్రతిసారీ ఇంకా తీవ్రం కావచ్చు. మీరు మూడుసార్లు మానారు కదా.

అందరికీ ఇలా జరగదు. కానీ మీకు ఒకసారి మనుషులు కనిపించారు. అంటే మీ మొదటి మెట్టు థెరపిస్ట్ కాదు, డాక్టర్. కొన్ని రోజులపాటు తగ్గించుకుంటూ వచ్చే మందులు ఇస్తారు, విటమిన్ బి1 ఇస్తారు. ఆసుపత్రిలో ఉండాలా, ఇంట్లో చాలా అన్నది వాళ్లు చూసి చెప్తారు. ఇక్కడ రాసిన ఆ మూడో రోజు రాత్రి సంగతి అక్కడ మొట్టమొదట చెప్పండి. మొహం తేటపడ్డాక వెళ్లాల్సిన పని లేదు. వణుకుతున్న చేతులతోనే వెళ్లండి.

ఆరేళ్లుగా (ఉదయం 6:20)

తమ్ముడూ, నర్సుగారు చెప్పింది ముందు చెయ్యి. తర్వాత ఇది చదువు.

నేను తాగి ఆరేళ్లయింది. ముగ్గురు థెరపిస్టుల దగ్గరికి వెళ్లాను. మొదటాయన మంచివాడే. నెమ్మదిగా మాట్లాడేవాడు, నా బాల్యం గురించి అడిగేవాడు. ఎనిమిది నెలలు వెళ్లాను. ఆ ఎనిమిది నెలలూ తాగుతూనే వెళ్లాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. లోపలి బాధ తీరితే తాగుడు దానంతటదే పోతుందని ఆయన నమ్మకం. నాకు మాత్రం లోపలి బాధ గురించి మాట్లాడొచ్చిన రోజునే ఇంకాస్త ఎక్కువ కావాల్సి వచ్చేది. అందుకే చెప్తున్నాను, మంచి మనిషి అయితే చాలదు. వ్యసనం మీద పనిచేసిన అనుభవం ఉండాలి.

రెండో ఆవిడకు అనుభవం ఉంది, కానీ నా మాట వినేది కాదు. నేను నోరు తెరిచేలోపే నా కథ ఆవిడకు తెలిసిపోయేది.

మూడో ఆయన మొదటి రోజే, "ఈ వారంలో ఎన్ని రోజులు తాగారు, ఎంత తాగారు" అని అడిగాడు. ఎంత బరువున్నారని డాక్టర్ అడిగినంత మామూలుగా అడిగాడు. నేను సగానికి సగం తగ్గించి చెప్పాను. ఆయన రాసుకున్నాడు. మూడో వారంలో నేనే అసలు లెక్క చెప్పాను. "ఇప్పుడు చెప్పగలిగారు కదా, మంచిది" అని, పాత అంకె కొట్టేసి కొత్తది రాసుకున్నాడు. అంతే. ఆ రోజు నుంచి నేను ఆయనకు అబద్ధం చెప్పలేదు.

ఇక ఎవరు ఎవరన్నది: సైకియాట్రిస్ట్ అంటే మనసు జబ్బుల డాక్టర్, మందులు రాయగలరు. సైకాలజిస్ట్ మనస్తత్వశాస్త్రం చదివి థెరపీ చేసేవాళ్లు, మామూలుగా మందులు రాయరు. కౌన్సిలర్ అనే పేరు కింద చాలా రకాల శిక్షణ ఉన్నవాళ్లు ఉంటారు. థెరపిస్ట్ అన్న మాటను చాలాచోట్ల ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. కాబట్టి ఏం చదివారు, ఎక్కడ రిజిస్టర్ అయ్యారు అని అడగడంలో తప్పేం లేదు. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర నీకు పని లేదు.

నేనొక్కడినే (ఉదయం 8:05)

నా అనుభవం వేరు. నేను ఏ థెరపిస్ట్ దగ్గరికీ పోలేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులతోనే నాలుగేళ్లుగా తాగకుండా ఉన్నాను. 1935లో ఇద్దరు తాగుబోతులు, ఒకాయన స్టాక్ బ్రోకర్, ఒకాయన సర్జన్, ఒకరితో ఒకరు మాట్లాడుకోవడంతో మొదలైంది అది. ఫీజు లేదు. చేరడానికి కావాల్సింది తాగుడు మానాలనే కోరిక ఒక్కటే. తాగని మనిషికి మన బాధ పుస్తకాల్లో చదివితే తెలియదు. ముందు అక్కడికి వెళ్లండి అన్నా. థెరపీ పేరుతో నెలల తరబడి తిరగడం దేనికి?

కౌన్సిలర్‌నే (ఉదయం 9:40)

పదకొండేళ్లుగా వ్యసనాల విభాగంలో పనిచేస్తున్నాను. నేనొక్కడినే గారి మాటలో సత్యం ఉంది. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ ఉంది. 2020లో వచ్చిన దాని సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించింది. పూర్తిగా తాగకుండా ఉండటం అనే లక్ష్యం వరకు చూస్తే, ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స మిగతా థెరపీలకు తీసిపోలేదని, కొన్నిచోట్ల మెరుగ్గానే ఉందని తేల్చింది. కానీ గ్రూపు, థెరపీ ఒకదానికొకటి పోటీ కావు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది రెండింటికీ వెళ్తారు. ఏఏలో వచ్చే దేవుడి ప్రస్తావన ఇబ్బందిగా ఉన్నవాళ్లకు స్మార్ట్ రికవరీ లాంటి గ్రూపులున్నాయి, ఆన్‌లైన్‌లో కూడా. నలుగురిలో నోరు తెరవలేనివాళ్లకు ఒక్కరి ముందు కూర్చోవడమే మొదట సాధ్యమవుతుంది.

మెట్లదారి గారూ, మీకు జరిగినదానికి నా వృత్తి తరఫున బాధపడుతున్నాను. మళ్లీ తాగడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి. జ్వరంతో వచ్చినవాణ్ని జ్వరం ఎందుకు తెచ్చుకున్నావని తిట్టినట్టు అయింది.

పద్ధతి పేరు కంటే మనిషి ఎలా ఉన్నారన్నది ఎందుకు ముఖ్యమో రెండు విషయాలు చెప్తాను. అమెరికాలో ప్రాజెక్ట్ మ్యాచ్ అని 1,726 మందితో పెద్ద పరిశోధన జరిగింది. ఫలితాలు 1997లో వచ్చాయి. మూడు రకాల చికిత్సలను పోల్చారు: ఆలోచనలు, అలవాట్ల మీద పనిచేసేది ఒకటి, మానాలనే కోరికను బలపరిచేది ఒకటి, ఏఏ వాళ్లు పాటించే పన్నెండు మెట్ల వైపు నడిపించేది ఒకటి. మూడింటిలోనూ మనుషులు బాగుపడ్డారు, తేడా మాత్రం పెద్దగా కనిపించలేదు. అంతకుముందే, 1980లో, విలియం మిల్లర్ అనే సైకాలజిస్ట్ బృందం థెరపిస్టుల తీరును గమనించింది. ఎదుటివాళ్ల మాటను శ్రద్ధగా విని అర్థం చేసుకునే థెరపిస్టుల దగ్గర ఫలితాలు మెరుగ్గా వచ్చాయి. మిల్లర్ ఆ తర్వాతే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతిని రూపొందించారు. వాదించి ఒప్పించడం, సిగ్గుపడేలా చేయడం అందులో ఉండవు. మీలో ఇప్పటికే ఉన్న "మానాలి" అనే గొంతును బయటికి రప్పిస్తారు.

మీరు ఫోన్ చేసినప్పుడు పది నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వమనండి. తాగుడు సమస్యతో వచ్చినవాళ్లను ఎంతమందిని చూశారో అడగండి. నేను మధ్యలో మళ్లీ తాగితే ఏం చేస్తారని తప్పకుండా అడగండి. ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతోనే సగం తెలిసిపోతుంది. "అప్పుడు చికిత్స ఆపేస్తాను" అంటే ఇంకొకరిని వెతుక్కోండి. "వచ్చి చెప్పండి, ఏం జరిగిందో కలిసి చూద్దాం" అంటే వెళ్లండి. డాక్టర్‌తో కలిసి పనిచేస్తారా, మందుల మీద వాళ్ల అభిప్రాయం ఏంటి అన్నది కూడా అడగండి. మందులు వాడితే అది నిజమైన మానడం కాదు అనేవాళ్లను నేను సిఫారసు చేయను. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి తాగాలనే తపనను తగ్గించడంలో చాలామందికి సాయపడతాయి.

నూటికి నూరు శాతం నయం చేస్తాం, ఇరవై రోజుల్లో మాన్పిస్తాం, తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి అనేవాళ్లకు దూరంగా ఉండండి. చివరిది మరీ ప్రమాదం. మద్యంతో కలిస్తే తీవ్రంగా వికటించే డైసల్ఫిరామ్ లాంటి మందు ఒంట్లో ఉందని తెలియక తాగితే ప్రాణం మీదికి రావచ్చు.

ఆఖరిపందెం (ఉదయం 10:15)

ఇది మద్యానికి మాత్రమేనా? నాది ఆన్‌లైన్ బెట్టింగ్. 27 ఏళ్లు. నేను వెళ్లిన మొదటి థెరపిస్ట్, "యాప్ తీసేయండి, ధ్యానం చేయండి" అన్నారు. యాప్ ఒక రాత్రిలో నాలుగుసార్లు తీసేసి నాలుగుసార్లు మళ్లీ పెట్టుకున్నవాణ్ని నేను.

కౌన్సిలర్‌నే (ఉదయం 10:50)

మీకూ వర్తిస్తుంది. మానసిక జబ్బులను గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం అనే పుస్తకం ఉంది. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు (డీఎస్ఎం-5) జూదాన్ని మద్యం, డ్రగ్స్ ఉన్న అధ్యాయంలోకే తెచ్చింది. జూదానికి చికిత్స చేసిన అనుభవం ఉందా అని విడిగా అడగండి. అనుభవం ఉన్నవాళ్లు పోయిన డబ్బును మళ్లీ గెలుచుకోవాలనే తపన గురించి అడుగుతారు, అప్పు ఎంతో అడుగుతారు, డబ్బు మీ చేతికి సులువుగా అందకుండా ఏం చేయగలమో మాట్లాడతారు. ఇంకో మాట, అప్పుల ఒత్తిడిలో చనిపోవాలనే ఆలోచన వస్తోందా?

ఆఖరిపందెం (ఉదయం 11:02)

పోయిన నెల వచ్చింది. ఇప్పుడు లేదు. అక్కకు చెప్పేశాను, నా కార్డులు తన దగ్గరే ఉన్నాయి.

నిర్వాహకులు (ఉదయం 11:20)

ఆఖరిపందెం గారూ, మీరు అక్కకు చెప్పడం చాలా మంచి పని. ఈ చర్చ చదువుతున్న ఎవరికైనా ఇప్పుడు అలాంటి ఆలోచన ఉంటే ఇక్కడ జవాబు కోసం ఆగకండి. పక్కనున్న మనిషికి చెప్పండి, మీ ప్రాంతంలోని అత్యవసర నంబర్‌కు ఫోన్ చేయండి.

నిద్రలేనిరాత్రులు (మధ్యాహ్నం 2:35)

నేను తాగే మనిషిని కాదు, ఆయన భార్యను. మా ఆయన థెరపిస్ట్ పేరెత్తితే లేచి వెళ్లిపోతారు. బతిమాలాను, అరిచాను, ఒట్లు వేయించుకున్నాను, సీసాలు పారబోశాను. రాని మనిషికి థెరపిస్టును వెతికి ఏం లాభం?

కౌన్సిలర్‌నే (మధ్యాహ్నం 3:30)

అమ్మా, ముందు మీరే వెళ్లండి. ఇంట్లోవాళ్లకు నేర్పించే క్రాఫ్ట్ అనే పద్ధతి ఉంది, రాబర్ట్ మేయర్స్ రూపొందించారు. 1999లో వచ్చిన ఒక అధ్యయనంలో, చికిత్సకు ఒప్పుకోని తాగేవాళ్ల కుటుంబాల్లో ఈ పద్ధతి నేర్చుకున్న 64 శాతం మంది తమవాళ్లను చికిత్స దాకా తీసుకురాగలిగారు. అందరూ చుట్టూ చేరి ఒక్కసారిగా నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే.

అందులో నేర్పేది ఏంటంటే, ఆయన తాగి ఉన్నప్పుడు ఈ విషయం ఎత్తకూడదు. తాగని సాయంత్రం ఆయనతో కూర్చోవాలి, ఈ సాయంత్రం బాగుందని నోటితో చెప్పాలి. తాగిన మర్నాడు ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం ఆపాలి. "వస్తాను" అన్న రోజున వెంటనే చూపించడానికి ఒక పేరు, ఒక నంబర్ మీ దగ్గర సిద్ధంగా ఉండాలి, ఎందుకంటే ఆ మనసు రెండు రోజులు నిలవదు. ఆయన చేయి చేసుకునే మనిషి అయితే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు మీ క్షేమం చూసుకోండి.

నిద్రలేనిరాత్రులు (మధ్యాహ్నం 3:48)

చేయి చేసుకోరు. ఆఫీసుకు ఫోన్ చేసేది నేనే. తొమ్మిదేళ్లుగా.

మెట్లదారి (పదమూడు రోజుల తర్వాత, రాత్రి 9:10)

ఆలస్యానికి క్షమించండి. నర్సుగారు చెప్పినట్టే డాక్టర్ దగ్గరికి వెళ్లాను. మూడో రోజు రాత్రి సంగతి మొదటే చెప్పాను. ఆయన వెంటనే చేర్చుకున్నారు. ఆరు రోజులున్నాను. వణుకు వచ్చింది, చెమటలు పట్టాయి, కానీ మనుషులు కనిపించలేదు. ఇన్నాళ్లూ నాకు పిచ్చి పట్టిందేమోనని లోపల్లోపల భయపడ్డాను. దానికి ఒక పేరుందని తెలిశాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. లివర్ పరీక్ష చూసి నాల్ట్రెక్సోన్ మొదలుపెట్టారు. దానికి ముందు, నల్లమందు జాతి నొప్పి మాత్రలు ఏమైనా వాడుతున్నానా అని రెండుసార్లు అడిగారు. అవి వాడేవాళ్లకు ఇది ఇవ్వకూడదట.

తర్వాత నలుగురికి ఫోన్ చేశాను. ఒకరు ఎత్తలేదు. ఒకరికి ఆరు వారాలదాకా ఖాళీ లేదు. మూడో ఆయనను, మళ్లీ తాగితే ఏం చేస్తారని అడిగితే, "అలా నెగెటివ్‌గా ఆలోచించకూడదు" అన్నారు. నాలుగో ఆవిడ కాసేపు ఆగి, "తాగితే ఆ రోజు రావడానికి మీకు సిగ్గేస్తుంది. అయినా రావాలి. అందుకు ఏం చేస్తే బాగుంటుందో మొదటి రోజే మాట్లాడుకుందాం" అన్నారు. ఆవిడ దగ్గరికి వెళ్లాను.

మొదటి గంటలో ఆవిడ అడిగిన ఒక ప్రశ్న ఇంకా చెవిలో ఉంది. "తాగుడు మీకు ఏం ఇస్తోంది?" ఇన్నేళ్లుగా అది నా దగ్గర ఏం లాక్కుందో అందరూ చెప్పారు. ఏం ఇస్తోందని ఎవరూ అడగలేదు. సాయంత్రం ఆరున్నరకు తల లోపల గోల ఆగుతుందండీ అన్నాను. అయితే ఆ గోల ఆపడానికి ఇంకో దారి దొరికేదాకా ఇది మిమ్మల్ని వదలదు, అక్కడి నుంచి మొదలుపెడదాం అన్నారు. నాలుగు సెషన్ల తర్వాత ఇద్దరం కూర్చుని, ఇది పనిచేస్తోందా లేదా చూసుకోవాలని ఒప్పందం. గోప్యత గురించి కూడా ముందే చెప్పారు. నా ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పు ఉంటే తప్ప మామూలుగా మాట బయటికి పోదు. చట్టప్రకారం తప్పని సందర్భాలు ఏవో అవి కూడా కాగితం మీద చూపించారు.

ఆరేళ్లుగా (రాత్రి 9:25)

తమ్ముడూ, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. వెళ్తూ ఉండు.

మెట్లదారి (మూడు నెలల తర్వాత, రాత్రి 10:30)

పోయిన గురువారం తాగాను. డెబ్భై తొమ్మిది రోజుల తర్వాత.

ఒక గ్లాసు. అది పూర్తయ్యాక, ఎలాగూ పోయింది కదా, ఇక ఈ రాత్రికి ఆపడం దేనికి అనిపించింది. సరిగ్గా ఈ ఆలోచన వస్తుందని ఆవిడ రెండో నెలలోనే చెప్పి ఉన్నారు. అలన్ మార్లట్ అనే సైకాలజిస్ట్ దీని మీద చాలా పనిచేశారట. మనిషిని ముంచేది మొదటి గ్లాసు కంటే, దాని వెంట వచ్చే "నేనింతే" అన్న ఆలోచన అని. ఆ మాట గుర్తొచ్చింది. రెండోది పోసుకున్నాను, తాగలేదు, సింకులో పోశాను. ఆవిడకు మెసేజ్ పెట్టాను. ఆ మెసేజ్ ఏం పెట్టాలో మొదటి రోజే రాసిపెట్టుకున్నాం: "ఈరోజు తాగాను. వస్తాను."

శనివారం వెళ్లాను. ఆవిడ తిట్టలేదు, ఓదార్చలేదు కూడా. గురువారాన్ని గంట గంటకు విడదీశాం. ఆరున్నరకు తాగాను. ఐదింటికి పాత దారిలో నడిచాను. మూడింటికి ఆఫీసులో మాట పడ్డాను. మధ్యాహ్నం తిండి తినలేదు. ముందు రోజు రాత్రి మూడు గంటలే నిద్ర. అంటే ఆ గ్లాసు బుధవారం రాత్రే మొదలైంది. ఇప్పుడు బుధవారం రాత్రి గురించి పనిచేస్తున్నాం.

కొత్తగావచ్చాను (మర్నాడు, ఉదయం 9:02)

ఈ చర్చ మొదటి నుంచి రెండుసార్లు చదివాను. ఒక నంబర్ దొరికింది. కానీ ఫోన్ చేస్తే మొదటి మాట ఏం మాట్లాడాలో తెలియడం లేదు. రెండుసార్లు డయల్ చేసి కట్ చేశాను.

మెట్లదారి (ఉదయం 9:15)

నేను కాగితం మీద రాసుకుని చదివాను. యథాతథంగా ఇస్తున్నాను: "నమస్కారం. తాగుడు మానడానికి సాయం కావాలి. ఇంతకుముందు మానలేకపోయాను. మీరు ఇలాంటివాళ్లను చూస్తారా? మాట్లాడటానికి పది నిమిషాలు ఎప్పుడు వీలవుతుంది?" గొంతు వణికినా ఫరవాలేదు. వాళ్లు రోజూ వినే గొంతే అది.

కొత్తగావచ్చాను (ఉదయం 9:41)

చేశాను! ఎల్లుండి పదిన్నరకు రమ్మన్నారు. అప్పటిదాకా చుక్క ముట్టను, నిన్న రాత్రితో సరి.

మెట్లదారి (ఉదయం 9:44)

ఆగండి. రోజూ తాగుతున్నారా? ఇప్పుడు చేతులు ఎలా ఉన్నాయి?

కొత్తగావచ్చాను (ఉదయం 9:47)

రోజూ. వణుకుతున్నాయి. చెమట పడుతోంది. టెన్షన్ వల్ల అనుకున్నాను.

డ్యూటీనర్సు (ఉదయం 9:50)

ఎల్లుండి దాకా ఆగొద్దు. ఈరోజే డాక్టర్‌కు చూపించుకోండి. ఫిట్స్ వచ్చినా, ఎక్కడున్నారో తెలియకపోయినా, లేనివి కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మీ అంతట మీరు బండి నడపొద్దు. ఇంట్లో ఎవరున్నారు?

కొత్తగావచ్చాను (ఉదయం 9:58)

అన్నయ్య ఉన్నాడు. ఇప్పుడే చెప్పాను. చొక్కా వేసుకుంటున్నాడు.